సన్యాసుల ఇంట్లో గాడిపొయ్యి

మా అన్నయ్య కూతురు సునీత తన పిల్ల అనికకి హాఫ్ శారీ ఫంక్షన్ చేస్తూ, హాలు ఫొటో నా ఫోనుకి పంపింది. రాతి స్తంభాలు, వాటి మధ్య వంపులు, వంపుల నిండా మిణుగురుల్లాంటి దీపాలు, కింద వంకర అక్షరాల్లో ఆరొందల ఏళ్ళ నాటి మఠంలో మీ మరపురాని రోజు అని ఇంగ్లీషులో ఒక ముక్క. వెంటనే ఫోన్ చేసింది. "బాబాయ్, ఆ డేట్ దొరకడమే కష్టమైంది తెలుసా? ఫ్రాన్స్ నుంచి రాయి రాయి షిప్‌లో తెచ్చి కట్టారట. ఇలాంటి ప్లేస్ నువ్వు జన్మలో చూసుండవు" అంది. "చూడ్డమేమిటే, నాలుగేళ్ళు అందులో అంట్లు తోమాను" అన్నాను. నేను ఏమన్నా హాస్యమే అనుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటు కాబట్టి పడీపడీ నవ్వి, శనివారం పదకొండుకల్లా రెడీగా ఉండమని ఫోన్ పెట్టేసింది. నేను మాత్రం టెక్సాసులో, కాపెల్ ఊళ్ళో, మా వంటింటి బల్ల దగ్గర ఆ ఫొటోని వేళ్ళతో సాగదీసి సాగదీసి చూస్తూ కూర్చున్నాను. ఎడంవైపు స్తంభం మీద తలకిందులుగా వేలాడుతున్న దేవదూత ఇంకా అలాగే వేలాడుతున్నాడు. ఆ వసారాలోంచే ఒక ముసలాయన్ని, మా పులిహోర తిన్న పాపానికి, సామానుతో సహా బయటికి పంపెయ్యబోయారు. ఆ సంగతే రాస్తాను. ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి గనక మఠాల చరిత్ర నా దగ్గర నేర్చుకోవాలని ఎవరూ చూడొద్దు. నాకు తెలిసిన చరిత్రంతా మసితో ఉంటుంది.

ఆ ఇల్లు పుట్టింది ఫ్రాన్సులో. బూడిదరంగు అంగీలు తొడుక్కుని, నడుముకి తాడు బిగించి, ఇంటింటికీ తిరిగి అడుక్కు తినే సన్యాసులు కట్టుకున్నది. వాళ్ళని ఫ్రయర్లంటారు. మన మాధూకరం బాపతే, కాకపోతే మనవాళ్ళు అడుక్కుని అరుగుమీద పడుకుంటే వాళ్ళు అడుక్కుని రాతిమేడ లేపారు. కొన్నాళ్ళకి అక్కడేవో గొడవలు జరిగి సన్యాసుల్ని తరిమేశారు, మేడ గొడ్ల కొట్టమైంది. ఎన్నో తరాల తరవాత టెక్సాసులో చమురు బావి తగిలిన ఒక షావుకారు పెళ్ళి చేసుకుని ఆ దేశం విహారానికి వెళ్ళాడు. కొత్త పెళ్ళాం ఆ కొట్టం ముందు నిలబడి "ఎంత బావుందో" అంది. ఇంకేం, కొనేశాడు. రాయి రాయికీ రంగుతో గుర్తు పెట్టించి, చెక్కపెట్టెల్లో సర్దించి, ఓడ ఎక్కించి, టెక్సాసులోనే, ఇప్పటి ఫ్రిస్కో ఊరు దాటాక అప్పట్లో ఆవులూ గడ్డీ తప్ప ఏమీ లేని చోట దింపించాడు. దారిలో కొన్ని గుర్తులు చెరిగిపోయాయి. అందుకే దేవదూత తలకిందులయ్యాడు. గోడలు లేచేసరికి పెళ్ళాం వెళ్ళిపోయింది. ఆ బెంగలో, లేదా స్వర్గంలో సీటు ముందుగా పట్టుకునే ఆలోచనలో, ఇంటిని మళ్ళీ అవే అంగీలవాళ్ళకి దానమిచ్చాడు. వాళ్ళు కూడా ఒక్కొక్కరే పైకి పోయి, చివరికి ఒకే ఒక్క ముసలాయన మిగిలాడు. అప్పుడు మన తెలుగువాళ్ళు గుడి కోసం స్థలం వెతుక్కుంటూ వచ్చి చూశారు. పార్కింగు బోలెడుంది. కొనేశారు.

కొనేటప్పుడు అంగీల పెద్దలు ఒకే ఒక్క షరతు పెట్టారు. మిగిలిన ఆ ముసలాయన, బ్రదర్ లియో, గుడికి ఇబ్బంది కానంతకాలం తన గదిలోనే ఉంటాడని. మన కమిటీ ప్రెసిడెంటు మూర్తిగారు ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. ఆయన సంతకం పెడుతూనే, "ఎన్నాళ్ళుంటాడు లెండి, బీపీ కూడా ఉంది" అన్నారట. బ్రదర్ లియో ఉండే గది ఆ ఇంట్లో కల్లా మంచి గది. పాతకాలంలో ఆ మఠం మొత్తానికి వంటిల్లు కాక నిప్పు రాజేసుకోనిచ్చేది ఆ ఒక్క గదిలోనేనట. చలికి వేళ్ళు కొంకర్లుపోయిన సన్యాసులు అక్కడికి వచ్చి కాసేపు చేతులు కాచుకుని మళ్ళీ మంచులాంటి పడక కొట్లలోకి పోయి పుణ్యం సంపాదించుకునేవారు. మూర్తిగారికి ఆ చలిమంట గది మీద మొదటినుంచీ కన్నుంది. ఆయన ఉద్దేశంలో అక్కడ చెప్పుల స్టాండ్లు పెడితే బ్రహ్మాండంగా కుదురుతుంది.

అలాంటి ఇంట్లోకి మా మామయ్య రంగాచార్యులు అర్చకుడిగా, నేను మడివంటకి, ఒక చలికాలంలో దిగాం. నాకప్పటికి ఇరవై దాటాయి. గుడివంట తప్ప వేరే విద్య లేదు. ఇంగ్లీషు ఎస్సూ నో దగ్గర ఆగిపోయింది. ఇంటి నడుమ నలుచదరపు ఆకాశం, దాని చుట్టూ నాలుగు వసారాలు, వసారాల వెనక గదులు. మామయ్య గుమ్మంలో నిలబడి చూసి, "మండువా లోగిలే కదుట్రా శేషూ! ఈ తెల్లవాళ్ళు మన దగ్గర కొట్టేశారు" అన్నాడు. ఉత్తరం వైపు పెద్ద ప్రార్థనమందిరం, అందులో ఇప్పుడు స్వామి. తూర్పు వసారా వెంబడి ఒక సభగది, దాని పక్కన రాతిమెట్లు, పైన సన్యాసులు పడుకునే కొట్లు. ఒక కొట్టు మామయ్యది, ఒక కొట్టు నాది. కాళ్ళు చాపితే గోడ, చేతులు చాపితే గోడ, కిటికీ మాత్రం మనిషి దూకలేనంత ఎత్తులో. దక్షిణాన భోజనశాల, నైరుతి మూల వంటిల్లు. తూర్పు వరస చివర, సరిగ్గా ఆగ్నేయ మూలన, సన్నగా పొడుగ్గా ఒక గది ఉండేది. తాళం వేసి ఉండేది. అందులో ఏముందని అడగాలని మాకెవరికీ తోచలేదు.

తెల్లారకముందే రెండు చప్పుళ్ళతో ఆ ఇల్లు లేచేది. మామయ్య చన్నీళ్ళు నెత్తిన పోసుకుంటూ "హమ్మా, హమ్మా" అని అరిచే అరుపు ఒకటి, బ్రదర్ లియో కొట్టే చిన్న గంట ఒకటి. ఆయన గంట కొట్టకపోతే మామయ్యకి ముహూర్తం తప్పినట్టుండేది. మామయ్య అరవకపోతే ఆయన వసారాలోకొచ్చి పైకి చూసేవాడు. ఇద్దరి మధ్య భాష లేదు. ఎదురుపడితే ఈయన చేతులు జోడించేవాడు, ఆయన తల వంచేవాడు, తరవాత ఇద్దరూ కలిసి తలకిందుల దేవదూత వంక జాలిగా చూసేవాళ్ళు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడిసిన రాయి, చల్లారిన కొవ్వొత్తి, వాటి మీద మా కర్పూరం, ఆ పైన నా ఇంగువ. మొదటి రోజు తిరగమాత వేసినప్పుడు రాళ్ళు ఉలిక్కిపడి ఉంటాయి. అన్ని వందల ఏళ్ళలో వాటికి ఆవాలు చిటపటలాడడం తెలీదు.

మధ్యాహ్నం బ్రదర్ లియో ఎనామిల్ గిన్నె ఒకటి పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడేవాడు. అడగడు. అడుక్కునే సన్యాసి అడక్కుండా నిలబడడం నేను అక్కడే చూశాను. గిన్నెలో ఏది పడితే అది తినాలి, ఇంకా కావాలని గానీ ఇది వద్దని గానీ అనకూడదు, అదీ ఆయన నియమం. అది తెలిశాక నాలాంటివాడు ఊరుకుంటాడా? సోమవారం గోంగూర పెట్టాను. మంగళవారం కాకరకాయ. బుధవారం కొత్తావకాయ, అన్నం తక్కువా ముక్కలు ఎక్కువా. ఆయన కళ్ళల్లో నీళ్ళు ధారగా కారుతుంటే మొత్తం తిని, గిన్నె కడిగి, నాకు తల వంచి వెళ్ళాడు. మామయ్య తలుపు చాటునుంచి చూసి, "ఒరేయ్, ఆయన్ని చంపుతావా ఏవిట్రా? నెయ్యి వెయ్యి" అని తిట్టాడు. ఆ రోజునుంచీ ఆయన గిన్నెలో నెయ్యి ఉండేది. ఆదివారాలు పిల్లలు తెలుగు క్లాసుకి వచ్చేవారు. వాళ్ళకి పెద్దవాళ్ళందరూ అంకుల్సే కాబట్టి ఆయన వాళ్ళకి బ్రదర్ అంకుల్ అయిపోయాడు.

భోజనశాల గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పొడుగాటి హాలు, పై కప్పు ఓడని బోర్లించినట్టుంటుంది. గోడ మధ్యలో ఎత్తుగా ఒక గూడు, దానికి గోడలోంచే మెట్లు. సన్యాసులు తిండి దగ్గర నోరు మెదపకూడదు. వాళ్ళు మౌనంగా నములుతుంటే ఒకడు ఆ గూట్లో నిలబడి మంచి మాటలు చదివేవాడట. గుసగుసలాడినా పైకి ఖంగున వినిపించేలా కట్టారు, ఎవడు మాట్లాడాడో పట్టుకోవడానికి. అలాంటి హాల్లో మూడొందలమంది తెలుగువాళ్ళని కూచోబెట్టి సాంబారు వడ్డిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గ్రీన్ కార్డులు, ఇళ్ళ రేట్లు, కోడళ్ళ సంగతులు అన్నీ కలిసి కప్పులోకి వెళ్ళి పిడుగులై తిరిగొచ్చేవి. ఆ పవిత్రమైన గూట్లోకి మూర్తిగారు ఎక్కి, "గ్రే కలర్ క్యామ్రీ ఎవరిదండీ, లైట్లు ఆఫ్ చేసుకోండి! ఒక్కొక్కరికి ఒక్క లడ్డూయే, ప్లీజ్ కోపరేట్ చేయండి!" అని అరిచేవారు. బ్రదర్ లియో ఒక మూల కూచుని ఆ గోలంతా కళ్ళు మూసుకుని వినేవాడు. వర్షం చప్పుడు వింటున్నట్టు.

ఇంతలో మూర్తిగారి ఆస్పత్రిలో ఆయన మీద ఏదో తగాదా వచ్చింది, కోశాధికారి ఉద్యోగం ఊడింది, మామయ్యకి నడుము పట్టేసింది. కమిటీ సమావేశమై, తప్పు వంటింట్లో ఉందని తేల్చింది. హైదరాబాదులో ఒక వాస్తు సిద్ధాంతిగారికి ఫోన్ చేశారు. ఆయన అటునుంచి, "నైరుతిలో నిప్పా? కొంప ముంచుకున్నారు కదండీ! తక్షణం ఆగ్నేయానికి మార్చండి. ఆగ్నేయంలో గది ఉందా?" అన్నాడు. ఉంది. తాళం తీశారు. లోపలికి తొంగి చూసిన నేను ఆనందంతో కేక పెట్టాను.

ఆ గది ఒక పక్క గోడ పొడుగునా, మోకాటి ఎత్తులో రాతి దిమ్మె. దిమ్మె మీద వరసగా గుండ్రటి కన్నాలు, ఒక్కొక్కటీ మా గుండిగ అడుగు సరిగ్గా కూచునే కొలత. కింద మనిషి వంగి దూరేంత కాలవ. వెనక గోడలో బయటికి చిన్న చిన్న వంపుద్వారాలు, కట్టెలు ఎగదోయడానికి. దిమ్మె వెనకనుంచి పైకప్పు దాకా గాలిగొట్టం, పొగ పోవడానికి. బూడిద కడిగెయ్యడానికి కాలవ చివర వాటం. పెళ్ళిళ్ళలో వంట చేసినవాడెవడికైనా చెప్పక్కర్లేదు, అది గాడిపొయ్యి. మన పల్లెల్లో నేలలో తవ్వుకునేదాన్ని వీళ్ళు రాతిలో చెక్కించుకున్నారు, అంతే తేడా. "మామయ్యా! మనకోసమే కట్టించి తాళం వేసి ఉంచాడు చూడు ఆ షావుకారు!" అన్నాను. మామయ్య నడుము పట్టుకునే వంగి చూసి, "నైవేద్యానికి కట్టెల మంటే శ్రేష్ఠం. భగవత్సంకల్పం" అన్నాడు. మూర్తిగారు గోడ తడుముతూ, "సీ ద డిజైన్! ఫైర్ సేఫ్టీ కూడా ఎంత బాగా ఆలోచించారో" అన్నారు.

బార్బెక్యూ వాళ్ళకి ఓక్ కట్టెలు అమ్మే పక్క రాంచ్ ఆయన ఒక ట్రక్కు కట్టెలు దింపి, ఎన్ని ఆవుల్ని కాలుస్తున్నారని ఆశగా అడిగి, బెల్లమూ బియ్యమూ అని తెలిసి నిరాశగా వెళ్ళాడు. మంచి రోజు చూసి పొయ్యి వెలిగించాం. ఏం లాగిందండీ గాలి! నా జన్మలో అలాంటి పొయ్యి మీద వండలేదు. ఒక కన్నం మీద పులిహోరకి అన్నం, ఒకదాని మీద చక్రపొంగలి, ఒకదాని మీద కదంబం, చివర కన్నం మీద పాలు. చక్రపొంగలికి ఓక్ పొగ పట్టి కొత్త రుచి వచ్చింది. జనం ఇదే ఒరిజినల్ టేస్ట్ అని డబ్బాల్లో పట్టుకెళ్ళారు. మధ్యాహ్నం బ్రదర్ లియో గిన్నె పట్టుకుని కొత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి, మండుతున్న వరస చూసి, కదలకుండా నిలబడిపోయాడు. చూసి చూసి నెమ్మదిగా శిలువ గుర్తు వేసుకున్నాడు. ఎప్పుడూ తల మాత్రమే వంచేవాడు, ఆ రోజు నడుము దాకా వంగి నాకూ మామయ్యకీ నమస్కారం పెట్టాడు. రోజూ అంతే. నా చేతివంట ఇంత గొప్పదని మొదటిసారి ఒక బయటివాడు గుర్తించినందుకు నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. సంవత్సరం పైగా తిరిగాను.

ఒక పండగ శనివారం యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ పిల్లల్ని వెంటేసుకుని పాతకాలం కట్టడాలు చూపించడానికి వచ్చింది. మూర్తిగారికి అలాంటివాళ్ళంటే మహా సరదా. కమిటీ మొత్తాన్నీ వెంటపెట్టుకుని ఇల్లంతా తిప్పారు. తలకిందుల దేవదూతని కూడా ఏదో కళారహస్యంగా చెప్పారు. ఊరేగింపు చివరికి నా వంటింట్లోకి వచ్చింది. నేను మూడో కన్నం మీద పొంగలి తిప్పుతున్నాను. మూర్తిగారు నా భుజం మీద చెయ్యి వేసి, "అండ్ దిస్ ఈజ్ ద ఒరిజినల్ మెడీవల్ స్టవ్. అవర్ కుక్ డిస్కవర్డ్ ఇట్" అన్నారు. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా ఏదో నోరు తిరగని పాతకాలం మాట చెప్పింది. ఎవరికీ ఎక్కినట్టు లేదు. పాపం ఆవిడ ఇటూ అటూ చూసి, లంగా కొద్దిగా సర్దుకుని, ఖాళీగా ఉన్న చివరి కన్నం మీద, తగలకుండా, గాల్లోనే సగం కూచుని చూపించింది.

అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది. నా గరిటె ఆగిపోయింది. అది సన్యాసుల మరుగుదొడ్డి. పై కొట్లలోంచి దిగి, తూర్పు వరస చివరికి నడిచి, వరసగా కూచునే చోటు. కాలవ దేనికో, వంపుద్వారాలు దేనికో, గాలిగొట్టం దేనికో, అన్నీ ఒక్కసారి తెలిసిపోయాయి. పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. మూర్తిగారి చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. మామయ్య బయటికి నడిచి, పెట్టుకున్న తిరునామంతో, కట్టుకున్న పట్టుపంచెతో సహా రెండు బకెట్లు నెత్తిన కుమ్మరించుకున్నాడు. సాయంత్రం వసారాలో నీళ్ళు కారుతూ కూచుని నన్ను పిలిచాడు.

"ఒరేయ్ శేషూ, ఇవాళ్టి పొంగలి ఏం చేశావు?"

"జనం తినేశారు మామయ్యా."

"అందరూనా?"

"మారు కూడా వడ్డించుకున్నారు."

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. దగ్గరికెళ్ళి చూస్తే శబ్దం బయటికి రాకుండా నవ్వుతున్నాడు.

మూర్తిగారు నవ్వే స్థితిలో లేరు. మర్నాడే తూర్పు వసారాలోని సభగదిలో మీటింగు పెట్టారు. ఆ గదికి కూడా ఒక కథ ఉంది. గోడల చుట్టూ రాతిబెంచీ, మధ్యలో ఖాళీ. సన్యాసులు రోజూ పొద్దున్నే గోడకి ఆనుకుని కూచునేవారట, తప్పు చేసినవాడు వచ్చి మధ్యలో నిలబడి చెప్పుకునేవాడట. మన కమిటీ కూడా గోడకి ఆనుకుని కూచుంది. బ్రదర్ లియోని పిలిచారు. ఆయన కుర్చీ వైపు చూడనైనా చూడకుండా, అలవాటు కొద్దీ, సరాసరి నడుమకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దాంతో కూచున్నవాళ్ళకే ఇబ్బందిగా అయిపోయింది.

"ఈయనకి మొదటినుంచీ తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాడు. రోజూ వచ్చి మనల్ని చూసి లోపల్లోపల నవ్వుకున్నాడు. దేవుడి నైవేద్యం అండీ! ఇది గుడికి ఇబ్బంది కాదా? అగ్రిమెంట్ క్లియర్‌గా ఉంది. వాళ్ళ పెద్దల ఓల్డేజ్ హోమ్ ఒకటుందట, ఈ నెలాఖరుకి పంపించేద్దాం" అన్నారు మూర్తిగారు. ఎవరో నసిగారు, "డాక్టర్ గారూ, ఎన్నో తరాలయింది కదా వాడి, మెడికల్లీ స్పీకింగ్..." అని. "బ్యాక్టీరియా గురించి కాదండీ నేను మాట్లాడేది!" అని ఆయన ఎర్రబడ్డారు. అసలు సంగతి గదిలో అందరికీ తెలుసు. బ్యాక్టీరియా కంటే, పొయ్యి కంటే, ప్రొఫెసరమ్మ గాల్లో కూచున్న ఆ క్షణం ఆయనకి మింగుడుపడలేదు. ఎంతమందికో మత్తిచ్చి మరిపించే మనిషికి తనకి తాను ఇచ్చుకోవడం చేతకాలేదు.

మామయ్య లేచి, "వెళ్ళగొట్టేముందు ఒక్కమాట అడగండి. ఎందుకు చెప్పలేదో" అన్నాడు. మూర్తిగారు విసుగ్గా అడిగారు. బ్రదర్ లియో చిన్న గొంతుతో జవాబు చెప్పాడు. మూర్తిగారు విని తెలుగులోకి చెప్పకుండా అలాగే ఉండిపోయారు. "ఏవిటండీ?" అన్నాడు మామయ్య. "ఏదో అంటున్నాడు లెండి" అన్నారు. "ఆ ఏదోయే చెప్పండి." అప్పుడు మూర్తిగారు, మందు చేదుగా ఉన్నట్టు మొహం పెట్టి, ఒక్కొక్క ముక్కే చెప్పారు.

ఆయన మేము తెలిసే చేశామనుకున్నాడు. ఇల్లు కొనేవాళ్ళు మరుగుదొడ్డి ఎక్కడో చూసుకోకుండా కొంటారని ఆయనకి తట్టలేదు. మంచి వంటిల్లు ఒకటి ఉండగా దాన్ని వదిలేసి, ఇంట్లో అన్నిటికన్నా నీచమైన చోటు ఏరుకుని, అక్కడే తమ దేవుడికి వంట మొదలుపెట్టారంటే, అది వినయంలో పరాకాష్ఠ అనుకున్నాడు. "మా అంగీలవాళ్ళం ఇన్ని వందల ఏళ్ళూ వినయం వినయం అని జపం చేశాం. ఆ గదిలోకి చీపురు పట్టుకుని వెళ్ళడానికే వంతులు వేసుకుని పోట్లాడుకునేవాళ్ళమట. మీరొచ్చి అందులో పాయసం కాచారు. మిమ్మల్ని చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది. అందుకే వంగేవాణ్ణి" అన్నాడట. నేను సంవత్సరం పైగా మోసిన గర్వం, నా చేతివంట గర్వం, ఆ గది మధ్యలో టప్పున రాలిపడింది.

మామయ్య ఉత్తరీయం సర్దుకున్నాడు. ఆయన పెద్ద ఉపన్యాసకుడేం కాదు. నడుము పట్టుకునే మాట్లాడాడు. "మొన్నామధ్య మా ఊరెళితే, సముద్రం దాటొచ్చానని నన్ను మూలవిరాట్టుని ముట్టుకోనివ్వలేదండీ. ప్రాయశ్చిత్తం చేసుకుంటే సరే అన్నారు. చేసుకున్నాను, సరిపోయింది. ఈ రాళ్ళూ అదే సముద్రం దాటొచ్చాయి. నాకు సరిపోయింది వీటికి సరిపోదా? రేపు పుణ్యాహవాచనం చేస్తాను. నిప్పుకి అంటు ఏమిటి? పొయ్యి అక్కడే ఉంటుంది. ఇహ ఈయన సంగతంటారా" అని మధ్యలో నిలబడ్డ ముసలాయన వంక చూశాడు. "డాక్టరుగారూ, ఈ దేశంలో మనల్ని మనకంటే గొప్పవాళ్ళనుకున్న మనిషి ఈయనొక్కడే కనబడుతున్నాడు. ఉన్న ఒక్కణ్ణీ పంపించేస్తే ఎలాగండీ?"

ముందు కోశాధికారి నవ్వాడు. తరవాత ఇంకొకరు. అది గోడలవెంట అలా అలా పాకి, ఎవరు గుసగుసలాడినా ఖంగుమనే ఆ ఇంట్లో, ఇల్లు మొత్తం నవ్వినట్టయింది. మూర్తిగారు చాలాసేపు పట్టుదలగా నవ్వకుండా కూచుని, ఆఖరికి, "సరే కానీ, ఆ ప్రొఫెసర్‌ని మాత్రం మళ్ళీ పిలవద్దు" అన్నారు. చెప్పుల స్టాండ్లు వసారాలోనే ఉండిపోయాయి, తలకిందుల దేవదూత కింద. మర్నాడు మంత్రజలం చల్లి మళ్ళీ మంట వేశాం. మధ్యాహ్నం బ్రదర్ లియో గిన్నెతో వచ్చాడు. ఇప్పుడు మా అసలు రంగు తెలిసిపోయింది కదా, వంగడులే అనుకున్నాను. వంగాడు. కాకపోతే లేచేటప్పుడు కళ్ళు చిలిపిగా ఉన్నాయి. ఆయన ఇంకా రెండు చలికాలాలు ఆ చలిమంట గదిలోనే వెచ్చగా బతికి, అక్కడే పోయాడు. పిల్లలు బ్రదర్ అంకుల్ అని ఏడ్చారు. మామయ్య ఆ పొద్దున నీళ్ళు పోసుకుంటూ అరవలేదు. ఎవరికి వినిపించడానికి అని.

ఆ తరవాత నేను ఆ ఇల్లు వదిలి కాపెల్‌లో కర్రీ పాయింటు పెట్టుకున్నాను. మామయ్య తన ఊరికి తిరిగి వెళ్ళి, అక్కడే కాలం చేశాడు. కమిటీవాళ్ళు ఆ ఇల్లు ఫంక్షన్ హాలువాళ్ళకి అమ్మేసి, గోపురంతో అసలైన గుడి కట్టుకుని వెళ్ళిపోయారు. అందులో వంటిల్లంతా స్టీలు, ఒక్క నిప్పురవ్వ కనిపించదు, మీటలు నొక్కితే పొంగలి అవుతుంది. బావుంటుంది కూడా. పాత రోజులే గొప్పవని చెప్పే ముసలాణ్ణి కాను నేను, మంచులాంటి కొట్లో పడుకుని చూస్తే మీరూ చెప్పరు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఆవుల్లేవు, ఒకేలాంటి ఇళ్ళున్నాయి, ఒకేలాంటి ఇళ్ళల్లో మనవాళ్ళున్నారు. ఫంక్షన్ రోజు వాళ్ళందరూ వచ్చారు. అనిక లంగా ఓణీలో దేవదూత పక్కన నిలబడి, తల పక్కకి వంచి సెల్ఫీలు తీసుకుంది. భోజనశాల గూట్లో డీజే కూచున్నాడు. పాటలు కప్పులోకి వెళ్ళి తిరిగొచ్చి మమ్మల్నే కొడుతున్నాయి. చలిమంట గది పెళ్ళికూతుళ్ళ మేకప్ రూమైంది. వెచ్చగానే ఉంది.

హాలు మేనేజరమ్మాయి, గులాబిరంగు కోటు వేసుకున్న తెల్లపిల్ల, చూడాలనుకున్నవాళ్ళని చుట్టూ తిప్పింది. ఆగ్నేయ మూల గదిలోకి వెళ్ళేసరికి నా కాళ్ళు వాటంతటవే కొంచెం నెమ్మదించాయి. దిమ్మె మీద తెల్లటి గుడ్డ, దాని మీద క్యాటరింగువాళ్ళ ఆవిరి ట్రేలు, పనీరూ, బిర్యానీ, ఎవరికీ అక్కర్లేని పులిహోరా. ఖాళీ కన్నాల్లో మంచుముక్కలూ డ్రింకు సీసాలూ. గోడకి ఇత్తడి బోర్డు. దాని మీద ఏముందో అనిక గట్టిగా చదివి నాకోసం తెలుగు చేసింది. "తాతా, ఇది మాంక్స్ కిచెన్ అంట! సిక్స్ హండ్రెడ్ ఇయర్స్ ఓల్డ్ స్టవ్. సో కూల్ కదా?" మేనేజరమ్మాయి గర్వంగా గోడమీద నల్లటి మసి చూపించి, ఏదో అంది. "ఈ స్మోక్ మార్క్స్ అన్నీ మెడీవల్ అంట తాతా. వాళ్ళు ఎన్ని సెంచరీస్ కుక్ చేశారో చూడు అంటోంది."

నేను మసి వంక చూశాను. మూడో కన్నం పైన మిగతావాటికంటే నల్లగా ఉంది. ప్రొఫెసరమ్మ వచ్చిన రోజు గరిటె ఆపేసి పొంగలి అడుగంటించాను కదా, ఆ మసి. వేలితో రాస్తే ఇంకా అంటుకుంటోంది. మా అంత వినయం ఎవరికీ లేదని పాపం ఆ ముసలాయన అనుకున్నాడు, మాకది లేదు. ఆయనవాళ్ళంత వంట ఎవరూ వండలేదని ఇప్పుడు ఈ బోర్డు అంటోంది, వాళ్ళకది రాదు. చెల్లుకు చెల్లు.

"నిజమేనా తాతా? వాళ్ళు నిజంగా ఇక్కడ కుక్ చేసేవాళ్ళా?" అంది అనిక. మేనేజరమ్మాయి కూడా నా వైపు చూస్తోంది, పెద్దాయన ఏమంటాడో అని.

"చేసేవాళ్ళే," అన్నాను. "ఆ అంగీలవాళ్ళ చక్రపొంగలి తింటే మర్చిపోరు."

అనిక నవ్వుతూ ప్లేటు అందుకుంది. జనమంతా ట్రేల మీదకి వంగుతున్నారు. నేను పక్కకి జరిగి, ఎవరూ చూడనప్పుడు, నడుము సహకరించినంత మేరకి వంగాను.